ముసుగు రాగికి ఒంటి పరీక్ష

ఏమయ్యోయ్, నిన్నే! కాలు మీద కాలేసుకుని, వేలికి ఉంగరం తొడుక్కుని కథ చదవడానికి కూర్చున్నావే, ఆ ఉంగరం బంగారమేనా? ఎవరు చెప్పారు, కొట్టువాడా? వాడు చెప్పాడు, నువ్వు నమ్మావు, జేబులో వేసుకుని వచ్చేశావు! సరేలే, మొహం అంత చిన్నబుచ్చుకోకు. నీకంటే తెలివైనవాడు, జీవితమంతా ఊరందర్నీ బోల్తా కొట్టించినవాడు, నీకంటే ఘోరంగా దొరికిపోయిన కథ చెబుతాను. విన్నాక నీకు కాస్త ధైర్యం వస్తుంది.

బందరు పక్కన చిలకలపూడిలో రాగిని బంగారం చేసే విద్య ఎవరికీ రాదు గానీ, రాగి చేత బంగారం వేషం కట్టించే విద్య వీధివీధికీ వచ్చు. లోపల రాగి, పైన పలచని బంగారు పూత. రోల్డ్‌గోల్డ్. ఆ విద్యలో లింగాచారికి సాటి లేదు. చదువు మాత్రం ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్కల మాస్టారి కుర్చీకి జిగురు రాసినందుకు బళ్లోంచి పంపేశారని అతను చెబుతాడు, లెక్కలు రాకనే అని భార్య భ్రమరాంబ చెబుతుంది. ఎండిన కాకరకాయకి పూత పెట్టి, వెల్వెట్ పెట్టెలో అమర్చి, బావమరిది పెళ్లిలో చదివింపులకిచ్చిన మనిషి. అరవై దగ్గరపడుతున్నా ఆ బుద్ధి పోలేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పూత ఏదైనా బజారుకి వెళ్లేముందు భ్రమరాంబ ఒంటికి ఎక్కాలి. దాన్నే వాళ్లు ఒంటి పరీక్ష అంటారు. ఆమె ఒంటి తీరు అలాంటిది. ఇంకొకరి చేతికి ఏడాది మెరిసే గాజు ఆమె చేతికి నాలుగు రోజుల్లో నల్లబడిపోతుంది. ఆమె దగ్గర వారం నిలిచిందంటే ఇక లోకంలో ఎవరి దగ్గరైనా నిలుస్తుంది.

ముప్పై రెండేళ్లలో ఆ పరీక్షకి తిరుగులేకుండా నిలిచింది ఒకే ఒక్క గాజు. పెళ్లైన వారానికి, తన అత్తగారి చేతి గాజు నమూనా చూసి లింగాచారి చేసిన గాజు. భ్రమరాంబ ఎడమచేతికి ఎక్కింది ఎక్కినట్టే ఉంది. తీయగా ఎవరూ చూడలేదు, మచ్చ పడగానూ చూడలేదు. బేరగాళ్లు వస్తే భార్య చెయ్యి పట్టుకుని మరీ చూపించేవాడు.

"నా పాతికేళ్ల వయసులో చేసిందండీ ఇది. నల్లబడమనండి చూద్దాం! అసలు బంగారం బీరువాలో దాచుకోండి, నాది చేతికేసుకు తిరగండి. ఆ దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు."

భ్రమరాంబ చెయ్యి వెనక్కి లాక్కుని, "చాల్లెండి మీ గొప్పలు" అనేది.

ఆ ఏడు ఉగాది వెళ్లిన మర్నాడు ఆమె పొయ్యి దగ్గర కూలబడిపోయింది. డాక్టరు చూసి, గుండె నిమిషానికి నలభైసార్లు కూడా కొట్టుకోవడం లేదన్నాడు. పేస్‌మేకర్ పెట్టాలి, దానికి తగిలించిన తీగ గుండె లోపలికి వెళ్లాలి. ఏ లోహం పడుతుందో చూద్దామని ఆమె జబ్బకి నాలుగు రకాల లోహపు బిళ్లలు అంటించి రెండు రోజులు ఉంచారు. మూడింటి కింద బొబ్బలు లేచాయి. మేలిమి బంగారం ఒక్కటే పడింది. బంగారపు తీగ పెడదామా అంటే అది మెత్తన, గుండె ఊపులకి ఎక్కడో తెగుతుంది. వేరే తీగకి బంగారు పూత పెడదామా అంటే...

"ఊడుద్ది," అన్నాడు లింగాచారి, ఎవరూ అడక్కుండానే. "వంగి లేచే చోట పూత నిలవదు డాక్టరుగారూ. పెచ్చులు లేస్తుంది. నాకు తెలుసు."

తన విద్య గురించి అతను నిజం చెప్పడం అదే మొదటిసారి.

*

విశాలి లింగాచారి చెల్లెలి కూతురు. పిల్లల్లేని ఆ ఇంట్లో, రాగి రజను మధ్య పెరిగింది. ఇప్పుడు విజయవాడ దగ్గర ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. కబురు విన్న మర్నాడే మావయ్యని తన గదికి తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద రెండు గీతలున్నాయి. ఎర్రది ఎడమవైపు పైకీ కిందకీ ఎగిరెగిరి పడుతోంది. నీలంది నున్నగా జారుతోంది. కొంత దూరం పోయాక రెండూ కలిసిపోయి ఒకే గీతలా సాగుతున్నాయి.

"ఇదేంటే, అత్త గుండె కొట్టుకునే గీతా?"

"కాదు మావయ్యా. ఎర్రది అసలు పరమాణువు. దాని నడిమధ్య గందరగోళం ఎక్కువ, లెక్కకి లొంగదు. బయట ప్రపంచంతో పని చేసేవి పైపొర ఎలక్ట్రాన్లే. అందుకని మేం లోపలి గందరగోళమంతా తీసేసి, దాని బదులు నున్నటి నకిలీ బలం ఒకటి తయారుచేసి పెడతాం. అదీ నీలం గీత. సూడో పొటెన్షియల్ అంటారు. ఇదిగో, ఈ హద్దు దాటి బయటికొస్తే అసలేదో నకిలీ ఏదో ఎవరికీ తెలియకూడదు."

లింగాచారి గీతల వంక చూశాడు, మేనకోడలి వంక చూశాడు, పగలబడి నవ్వాడు.

"ఇరవయ్యేళ్లు చదివి రోల్డ్‌గోల్డా నేర్చుకుంది నువ్వు? మా అరుగు మీద కూర్చుంటే నేనే చెప్పేవాణ్ణిగా!"

"నీ దగ్గరైతే కుర్చీకి జిగురు రాయడం ముందు నేర్పుతావు," అంది విశాలి.

ఇన్నాళ్లూ ఆ నకిలీ బలం కంప్యూటర్ లెక్కల్లోనే ఉండేది. విశాలి వాళ్లు ఇప్పుడు దాన్ని నిజం లోహంలోకి దింపే యంత్రం కట్టారు. బీరువా అంత ఉంది. రాగితీగ ఒకటి లోపల పెట్టి ఒకటిన్నర రోజులు నడిపితే, తీగ పైభాగాన ఉన్న ప్రతి రాగి పరమాణువుకీ దానిదైన ముసుగు పడుతుంది. లోపలున్నది రాగే, బరువు రాగి బరువే, బిగువు రాగి బిగువే. కానీ దాని పైపొర ఎలక్ట్రాన్లు మాత్రం తాము బంగారం చుట్టూ తిరుగుతున్నామనే నమ్ముతాయి. ఉప్పుకీ, చెమటకీ, నెత్తురుకీ అది బంగారమే.

"పూత కాదు కాబట్టి ఊడే పనే లేదు," అంది విశాలి.

"మరింకేం! అత్తకి పెట్టెయ్."

విశాలి గాజుగ్లాసులో ఉప్పునీళ్లు పోసి, సొరుగులోంచి పసుపు పచ్చని ముక్క ఒకటి తీసి అందులో వేసింది. ముక్క మెరుస్తూ అడుగుకి చేరింది. లింగాచారి ఇరవై లెక్కపెట్టేలోపు దాని అంచున ఆకుపచ్చ చుక్క ఒకటి లేచింది. చూస్తుండగానే ముక్కంతా చిలుం పట్టి, నీళ్లలో పచ్చగా విరిగిపోయింది.

"పోయిన నెల చేసింది. ఆరు పరీక్షల్లో నెగ్గింది, ఏడోదాంట్లో ఇట్టా అయింది. మనం పెట్టిన నకిలీ బలంలో ఎక్కడా ఉండకూడని శక్తి మెట్టు ఒకటి ఉన్నట్టుండి పుట్టుద్ది. ఎలక్ట్రాన్లన్నీ దాంట్లోకి జారిపోతాయి. ముసుగు పోద్ది. మేం దాన్ని దయ్యం అంటాం."

లింగాచారికి దయ్యం అనే మాట మీద పది హాస్యాలు వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇదే మీ అత్త గుండెలో అయితే?"

"అందుకేగా నాకు భయం," అంది విశాలి.

*

కొత్త లెక్క కట్టారు. కొత్త ముసుగు వేశారు. ఉప్పులో, పులుపులో, వేడిలో, చలిలో, సాగదీసి, నొక్కిపెట్టి, తయారుచేసిన నెత్తురులాంటి నీళ్లలో నానబెట్టి, మొత్తం పన్నెండు పరీక్షలు. అన్నిట్లోనూ నెగ్గింది. ఆసుపత్రి పెద్దలంతా కూర్చుని అనుమతిచ్చారు. జ్యేష్ఠంలో ఒక గురువారం ఆపరేషన్ అనుకున్నారు.

"పన్నెండు చాలవే," అన్నాడు లింగాచారి. "మీ అత్త చెమట సీసాలో దొరకదు. ఒంటి పరీక్ష చెయ్యాల్సిందే. ఆ తీగతో గాజు చేసి వేయిస్తాను. నలభై రోజులు చూద్దాం."

"అత్తకి చెప్పి చేద్దాం."

"చెబితే చెడుద్ది. నీకు తెలీదే. నేను మోజుపడి చేసిన పూత అని తెలిస్తే, నేను చూడకుండా గంటగంటకీ పొడిగుడ్డతో తుడిచేది. నల్లబడితే నా మొహం వాడిపోద్దని! పదేళ్లకి గానీ కనిపెట్టలేకపోయా. నిజం బంగారమని చెప్పి ఇస్తా. అప్పుడు తుడవదు."

"అడక్కుండా ఒకళ్ల ఒంటిమీద పరీక్ష చెయ్యకూడదు మావయ్యా. అది తప్పు."

"పెళ్లైన కాణ్ణించీ చేస్తున్న తప్పేగా," అన్నాడు. కానీ ఆ మాటలో ఎప్పుడూ ఉండే కులాసా లేదు. విశాలి చివరికి తీగ ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం భ్రమరాంబ అరుగు మీద పూసలు గుచ్చుతోంది. లింగాచారి పక్కన కూర్చుని గాజు తీశాడు.

"కుడి చెయ్యి ఇలా ఇవ్వు. ఇది నిజం బంగారం. ముప్పై రెండేళ్లు రాగితోనే కాపురం చేయించానుగా."

గాజు ఎక్కిస్తుంటే అతని వేళ్లు తడబడ్డాయి. రోజంతా కుంపటి ముందు కూర్చున్నందుకులే అనుకున్నాడు. భ్రమరాంబ గాజుని మణికట్టు దగ్గర ఒకసారి తిప్పింది. మళ్లీ తీసి అరచేతిలో పెట్టుకుని కాసేపు ఉంచుకుంది.

"బాగుందండీ," అంది. అంతే.

*

రోహిణి కార్తె వచ్చింది. రోకళ్లు పగిలే ఎండలు. భ్రమరాంబ చెమటలు కక్కుతూనే ఆవకాయ పెట్టింది. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, అన్నింట్లోనూ మోచేతుల దాకా ముంచి కలిపింది. లింగాచారి గుమ్మంలో నిలబడి ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఏంటండీ, ఆవకాయ ఎప్పుడూ చూడనట్టు?"

"నీ చేతి అందం చూస్తున్నానే."

"నా చెయ్యా, చేతి గాజా?"

అతను దగ్గుతూ వీధిలోకి వెళ్లిపోయాడు.

కుంకుడు రసంలో తడిసింది, పసుపు అంటింది, చింతపండు పిసికింది. కుడిచేతి గాజు పెట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఆదివారం ఆదివారం విశాలి వచ్చి, అత్తని పలకరించే నెపంతో చెయ్యి పట్టుకుని చూసి, బస్సెక్కాక చిన్న పుస్తకంలో రాసుకునేది. లింగాచారి గాల్లో తేలుతున్నాడు. "నీ నీలం గీత గట్టిదేనే" అని బస్సు కిటికీ దగ్గర నిలబడి అరిచేవాడు. జనం తిరిగి చూసేవారు.

మధ్యలో భ్రమరాంబ మరోసారి కళ్లు తిరిగి పడింది. ఆ రోజు లింగాచారి ఆమె తల ఒళ్లో పెట్టుకుని, మణికట్టు దగ్గర వేలు ఆనించి, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఖాళీని లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆ ఖాళీల్లో అతనికి గ్లాసులో విరిగిపోయిన పచ్చటి ముక్కే కనిపించింది.

నలభై ఒకటో రోజు ఆదివారం. నాలుగు రోజుల్లో ఆపరేషన్. ముసుగు చెక్కుచెదరలేదని తేల్చడానికి విశాలి టార్చిలైటంత పరికరం ఒకటి వంటింట్లోకి తెచ్చింది. "అత్తా, గాజు ఒకసారి చూస్తాను, కొత్త మిషన్ వచ్చింది" అని కుడిచేతి గాజు మీద ఆనించింది. ఎడమచేతిది కూడా పోల్చి చూద్దామని జరగబోతే భ్రమరాంబ చప్పున చెయ్యి లాక్కుంది.

"దాని జోలికి పోకు తల్లీ. అది మీ మావయ్య ప్రాణం."

విశాలి పరికరం తెరని మావయ్య వైపు తిప్పింది.

"మావయ్యా... ఇది మన గాజు కాదు. పూత. కింద మామూలు రాగి."

"ఏమేవ్!" అని అరిచాడు లింగాచారి. "నేనిచ్చిన గాజేదీ?"

భ్రమరాంబ పులుసులో గరిటె తిప్పుతూ, "దాచానుగా," అంది.

"దాచావా!"

"నిజం బంగారమన్నారుగా. నిజం బంగారం వేసుకుని ఎవరైనా వంటింట్లో తిరుగుతారా? అసలుది దాచుకుని నాది వేసుకోండని ఊరందరికీ మీరే చెబుతారు. మీ సొరుగులోదే అలాంటి గాజు తీసి వేసుకున్నా. నల్లబడితే ఇంకోటి."

లింగాచారి పీట మీద కూలబడ్డాడు. నలభై రోజుల చెమట, ఆవకాయ, కుంకుడు రసం, అన్నీ తన సొరుగులోని గాజులకి జరిగాయి. తుడుస్తుందని అబద్ధమాడాడు. ఆ అబద్ధమే పరీక్షని తినేసింది. ఎదురుగా గురువారం.

విశాలి ఏడుపు ఆపుకోలేకపోయింది. "అది బంగారం కాదత్తా. నీ గుండెలో పెట్టబోయే తీగ. నీ ఒంటికి పడుతుందో లేదో చూద్దామని... నీకు చెప్పకుండా చేశాం. తప్పు నాదే."

భ్రమరాంబ పొయ్యి కట్టేసింది. ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"ఇంకాస్సేపు ఏడిపిద్దామనుకున్నా గానీ, పిల్ల ఏడుస్తోంది," అంటూ జాకెట్టులో దోపుకున్న గుడ్డసంచి బయటికి తీసింది. చెమటకి నాని నాని దాని రంగు మారిపోయింది. మూతికి పెట్టిన ఇత్తడి పిన్నీసు చిలుం పట్టి పచ్చగా ఉంది. లోపల గాజు ధగధగా మెరుస్తోంది.

"తీగ పొయ్యేది గుండెలోకి. మణికట్టు మీద పెడితే ఏం తెలుస్తుందండీ? ముప్పై రెండేళ్లుగా ఒంటి పరీక్ష చేస్తున్నది నేను. ఎక్కడ పెట్టి చూడాలో నాకు చెప్పాలా? రేయింబవళ్లు ఇక్కడే ఉంది. స్నానానికి వెళ్లినా మెళ్లో కట్టుకున్నా. ఒక్కసారి తుడిస్తే ఒట్టు."

విశాలి దాని మీద పరికరం ఆనించింది. తెర చూసింది. మళ్లీ ఆనించింది. "ముసుగు ఉంది మావయ్యా," అంది, "ఎక్కడా జారలేదు," అని అత్త భుజం మీద తల వాల్చేసింది.

"నీకెట్టా తెలిసిందే?" అన్నాడు లింగాచారి నీరసంగా.

"రోజూ రాగి తూచే చెయ్యండీ ఇది. ఇంత తేలిక బంగారం ఉంటుందా?"

"మరి ఆ రోజే నా మొహాన కొట్టకపోయావా!"

"కొడదామనే అనుకున్నా. మీరు నాతో ఎన్ని అబద్ధాలాడలేదు? ఏనాడైనా చెయ్యి వణికిందా? ఆ రోజు వణికింది. ఈయన నన్ను ఆటపట్టించడం లేదు, భయపడుతున్నాడు, అయితే ఇది నా గుండెలో పెట్టే తీగే అనుకున్నా. అందుకని ఊరుకున్నా." గొంతు తగ్గించింది. "అడిగితే కాదంటానా అండీ? ఈసారికి అడగాల్సింది."

అతను తల దించుకుని, "నా సరుకు నేనే గుర్తుపట్టలేకపోయానన్నమాట," అన్నాడు.

"పది గాజులు మారాయి," అంది భ్రమరాంబ, పులుసు గిన్నె దించుతూ.

*

గురువారం పొద్దున ఆపరేషన్ గదికి తీసుకెళ్లేముందు నర్సు భ్రమరాంబ ఒంటి మీది నగలన్నీ తీయించి, మూటకట్టి లింగాచారి చేతిలో పెట్టింది. తలుపులు మూసుకున్నాయి. పక్క బెంచీ మీద విశాలి కళ్లు మూసుకుని కూర్చుంది.

ఏం చెయ్యాలో తోచక అతను మూట విప్పాడు. మట్టెలు, ముక్కుపుడక, పూసలదండ, అడుగున ఎడమచేతి గాజు. ముప్పై రెండేళ్లలో అది ఆమె చెయ్యి వదలడం ఇదే మొదలు. తన పాతికేళ్ల వయసులో తను చేసిన గాజు. ముద్దుగా తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

చెయ్యి కిందికి దిగింది.

మళ్లీ ఎత్తాడు. మళ్లీ దిగింది. రెండో చేతిలోకి మార్చాడు. రాగి బరువు అతనికి నిద్రలో కూడా తెలుసు. ఇది రాగి బరువు కాదు. ఆ తలుపుల వెనక ముసుగు వేసుకున్న రాగి ఆమె గుండెలోకి వెళుతున్నంతసేపూ, బయట అతను ఏ ముసుగూ లేని ఆ బరువుని రెండు చేతుల్లోకీ మార్చుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రానికి భ్రమరాంబ కళ్లు తెరిచింది. మంచం పక్కన మిషన్ మీద డెబ్బై అనే అంకె నిలకడగా వెలుగుతోంది. లింగాచారి ఆ అంకె వంక చూశాడు, ఆమె వంక చూశాడు, గాజు చూపించాడు.

"ఇది బరువుగా ఉందేంటే?"

ఆమె పెదాలు కదిలాయి. "దొరికిపోయానా?"

"నేను చేసింది కాదిది."

"మీరు చేసింది నాలుగో రోజే నల్లబడింది. కొత్త పెళ్లికొడుకు, అంత సంబరంగా చేసిచ్చారు. మీ మొహం చూడలేననిపించింది. నమూనా కోసం మీరు చూసిన మా అమ్మ గాజు ఉందే, దాన్నే అడిగి తెచ్చి ఎక్కించుకున్నా. మర్నాటినించీ మీరు నా చెయ్యి పట్టుకుని ఊరందరికీ చూపించడం మొదలెట్టారు. ఇంకేం చెబుతాను?"

"ముప్పై రెండేళ్లు!" అన్నాడు లింగాచారి. నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు. "చిలకలపూడి మొత్తాన్నీ బోల్తా కొట్టించినవాణ్ణి, నన్ను ముప్పై రెండేళ్లు మోసం చేశావే!"

"మోసమెందుకవుతుందండీ?" భ్రమరాంబ చెయ్యి చాపింది, గాజు ఎక్కించమన్నట్టు. "అది ఒంటి పరీక్ష. గాజుకి కాదు, మీకు. నిలిచారుగా."